ఒంటికి తెలియని మేలు

గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరి, కాళ్ల వాపు దిగి, ఆయాసం తగ్గి ఇంటికి వచ్చిన మనిషికి నెలా రెండు నెలలు గడిచేసరికి ఒక సందేహం మొదలవుతుంది. "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఇంకా ఇన్ని మాత్రలెందుకు?" న్యాయమైన సందేహమే. జ్వరం తగ్గగానే జ్వరం మాత్ర ఆపేస్తాం, నొప్పి పోగానే నొప్పి మాత్ర పక్కన పెడతాం. మందు పనిచేస్తోందో లేదో మన ఒళ్లే చెబుతుందని చిన్నప్పటి నుంచీ మనకున్న నమ్మకం. గుండె వైఫల్యంలో ఆ నమ్మకమే ప్రాణం మీదికి తెస్తుంది. ఇవాళ ఒంటికి హాయినిచ్చే మందు ఒకటి, ఆయుష్షును కాపాడే మందు మరొకటి కావచ్చు. మొదట్లో ఈ సంగతి వైద్యులకే తెలియదు. వేలమంది రోగులు ఏళ్ల తరబడి పరిశోధనల్లో పాల్గొన్నాక బయటపడింది. ఆ కథ తెలిసినవాళ్లు మాత్రలు అంత తేలిగ్గా మానరన్న ఆశతోనే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ముందు మీ ఎకో రిపోర్టు తీయండి. అందులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. అది 30 అని కనబడగానే "గుండె 30 శాతమే పనిచేస్తోందట" అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. ఆ అంకెను అలా చదవకూడదు. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం బయటికి వెళుతోందో చెప్పేది ఈఎఫ్. నిక్షేపంలాంటి గుండె కూడా 100 శాతం నెట్టదు, సుమారు 55 నుంచి 70 దాకా నెడుతుంది. 40 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే గుండె కండరం నెట్టే శక్తి తగ్గిందని అర్థం. 50 దాటి ఉన్నా కొందరికి ఆయాసం, వాపు వస్తాయి. వాళ్ల గుండె నెట్టగలదు గానీ సరిగ్గా సడలి నిండలేదు. ఈ రెండు రకాలకూ మందులు పూర్తిగా ఒకటి కావు. కాబట్టి మీ అంకె ఎంతో, ఏ తేదీన తీశారో మందుల ఫైలు మొదటి పేజీ మీదే రాసుకోండి. ఇక్కడ చెప్పబోయే పరిశోధనల్లో ఎక్కువ భాగం 40 లోపు వాళ్ల మీద జరిగినవే.

1980లలో ఆలోచన సూటిగా ఉండేది. గుండె బలహీనంగా కొట్టుకుంటోంది కాబట్టి బలంగా కొట్టుకునేలా చేసే మందివ్వాలి. మిల్రినోన్ సరిగ్గా అలాంటి మందు. అది పడగానే గుండె పిండే బలం పెరగడం పరికరాల మీద స్పష్టంగా కనబడేది. ఇంత కనబడుతున్నా పరిశోధకులు ఒక ప్రశ్న వదల్లేదు: నెలల తరబడి వాడితే రోగులు ఎక్కువ కాలం బతుకుతారా? తేల్చుకోవడానికి జబ్బు బాగా ముదిరిన 1088 మందిని తీసుకున్నారు. చీటీ తీసినట్టుగా, ఎవరి ఇష్టాయిష్టాలకూ తావు లేకుండా, కొందరికి మిల్రినోన్ మాత్ర, మిగతావాళ్లకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మామూలుగా వాడే మిగతా మందులు మాత్రం అందరికీ అందాయి. ఈ ట్రయల్ పేరు ప్రామిస్. 1991లో ఫలితం అచ్చయింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 24 శాతం చనిపోతే, మిల్రినోన్ వేసుకున్నవాళ్లలో 30 శాతం చనిపోయారు. పరిశోధనను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. డస్సిపోయిన ఎద్దును ముల్లుగర్రతో పొడిస్తే నాలుగడుగులు జోరుగా వేస్తుంది, ఆ తర్వాత కూలబడుతుంది. గుండె విషయంలోనూ అదే జరిగింది.

ఈ పరిశోధన జరగకపోయి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. ఒక్కొక్క డాక్టరు తన రోగులను మాత్రమే చూస్తాడు. మందు ఇచ్చాక కొందరు తేరుకుంటారు, కొందరు పోతారు. పోయినవాళ్లు జబ్బుతో పోయారనే అనుకుంటాడు. నూటికి ఆరుగురు ఎక్కువగా పోతున్నారన్న సంగతి ఏ ఒక్కరి అనుభవానికీ అందదు. రెండు గుంపులను పక్కపక్కన పెట్టి లెక్కపెడితేనే కనబడుతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. గుండె వేగాన్ని, అది పిండే బలాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు అనే మందులున్నాయి. బలహీనమైన గుండెకు వీటిని ఇవ్వకూడదని వైద్య విద్యార్థులకు గట్టిగా నేర్పేవారు. 1975లో స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్, ఆకె యాల్మర్సన్ అనే వైద్యులు, వాళ్ల సహచరులు కండరం దెబ్బతిన్న గుండెలున్న ఏడుగురు రోగులకు ఈ మందులు ఇచ్చి చూశారు. రోగుల పరిస్థితి మెరుగుపడిందని రాశారు. ప్రపంచం వెంటనే నమ్మలేదు. నమ్మకపోవడం తప్పు కూడా కాదు. ఏడుగురి అనుభవం ఆశ పుట్టిస్తుంది, అంతకుమించి రుజువు చేయలేదు. రుజువు 1999లో వచ్చింది. యూరప్‌లో జరిగిన సిబిస్-2 అనే ట్రయల్‌లో 2647 మంది పాల్గొన్నారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 17.3 శాతం చనిపోతే, బిసోప్రొలోల్ వాళ్లలో 11.8 శాతం. అదే ఏడాది మెటోప్రొలోల్ మీద వచ్చిన మెరిట్ ట్రయల్‌లోనూ మరణాలు మూడో వంతు తగ్గాయి. రెండు ట్రయల్స్‌నూ ముందే ఆపేశారు. ఈసారి కారణం వేరు: మేలు ఇంత స్పష్టంగా కనబడుతుంటే ఇంకా కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం అన్యాయమని.

ఎందుకిలా జరిగింది? గుండె బలహీనపడగానే శరీరం కంగారుపడి అడ్రినలిన్ జాతి హార్మోన్లను కుమ్మరిస్తుంది, కిడ్నీల చేత ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది. ఒకటి రెండు రోజులకైతే ఇది రక్షణే. నెలల తరబడి సాగితే ఆ రక్షణే గుండె కండరాన్ని తినేస్తుంది. బీటా బ్లాకరు ఆ ఒత్తిడి నుంచి గుండెను కాపాడుతుంది. ఈ మేలు నెమ్మదిగా వస్తుంది. మొదటి వారాల్లో నీరసంగా ఉంటుంది, ఆయాసం కాస్త పెరిగినట్టూ అనిపించవచ్చు. చాలామంది మాత్ర మానేసేది సరిగ్గా అప్పుడే. అందుకే డాక్టర్లు చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఇబ్బందిగా ఉంటే ఫోన్ చేయండి, మోతాదు సర్దుతారు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపడం మాత్రం ప్రమాదం.

ఇంకో మాత్ర సంగతి చూద్దాం. నీరు పోయే మాత్ర అంటే రోగులకు ఎంతో నమ్మకం. లాసిక్స్ వేసుకున్న గంటకే ఒంటేలుకు పరుగు, సాయంత్రానికి కాళ్లు తేలిక, రాత్రికి పడుకోగలగడం. మేలు కళ్లెదుటే కనబడుతుంది. అది అవసరమైన మందే, ఆయాసంతో అల్లాడుతున్న మనిషికి దానికి మించింది లేదు. కానీ అది ఆయుష్షు పెంచుతుందని ఏ పెద్ద ట్రయల్‌లోనూ రుజువు కాలేదు. అంటే మనం ఎక్కువగా నమ్మే మాత్ర హాయినిచ్చేది, "దీనివల్ల ఏం తేడా తెలియట్లేదు" అని పక్కన పడేసేవేమో ప్రాణం కాపాడేవి. ఈ అధ్యాయంలో మీరు ఒక్క వాక్యం కింద గీత గీసుకోవాలనుకుంటే దీని కింద గీసుకోండి.

పాత మందులకూ ఈ పరీక్ష తప్పలేదు. ఇంగ్లండులో విలియం విదరింగ్ ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకుతో ఒంటి నీరు తీసే వైద్యం గురించి 1785లో పుస్తకం రాశాడు. దాని నుంచి వచ్చిందే డిజాక్సిన్. అది మరణాలను తగ్గిస్తుందా అని సుమారు 6800 మంది మీద పెద్ద ఎత్తున పరీక్షించి ఫలితం ప్రకటించింది 1997లో. ఆసుపత్రిలో చేరడాలు తగ్గాయి, మరణాలు తగ్గలేదు. ఆ ట్రయల్‌ను నడిపించినవాళ్లలో కేరళలో పుట్టి బెంగళూరులో వైద్యం చదివిన సలీం యూసుఫ్ ఒకరు. రెండు వందల ఏళ్ల నమ్మకాన్ని తూకం వేసి చూసే ధైర్యం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

ఈఎఫ్ 40 లోపు ఉన్నవాళ్లకు ఆయుష్షు పెంచుతాయని ఇలా తేలిన మందులు ఇప్పుడు ముఖ్యంగా నాలుగు జాతులు. మొదటిది ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి, లేదా వాటికంటే మెరుగని 2014లో తేలిన సాకుబిట్రిల్-వాల్సార్టాన్. రెండోది బీటా బ్లాకర్లు: బిసోప్రొలోల్, కార్వెడిలోల్, నెమ్మదిగా విడుదలయ్యే రకం మెటోప్రొలోల్. మూడోది స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్. నాలుగోది షుగరు జబ్బు కోసం పుట్టి గుండెకు పనికొచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. ఈ నాలుగో జాతి ఈఎఫ్ 40 దాటినవాళ్లకు కూడా, ముఖ్యంగా మళ్లీ ఆసుపత్రిలో చేరే అవసరాన్ని తగ్గిస్తూ, ఉపయోగపడుతుందని 2021, 2022లో వచ్చిన ట్రయల్స్ చూపాయి. మీ చీటీలో ఏ జాతి లేకపోతే దాని గురించి డాక్టర్ని మర్యాదగా అడగండి: "అయ్యా, ఇది నాకెందుకు రాయలేదు, నాకేమైనా అడ్డుందా?" బీపీ మరీ తక్కువగా ఉండటం, కిడ్నీ దెబ్బతినడం, రక్తంలో పొటాషియం ఎక్కువ కావడం లాంటి సరైన కారణం ఉండవచ్చు. ఉంటే తెలుసుకుంటారు. లేకపోతే చీటీ మారుతుంది.

ఈ ప్రశ్న అడగమని ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మన దేశపు లెక్కలు చూశాను కాబట్టి. 2013లో తిరువనంతపురం ఆసుపత్రుల్లో గుండె వైఫల్యంతో చేరిన 1205 మంది వివరాలను అక్కడి శ్రీ చిత్ర సంస్థ వైద్యులు నమోదు చేసి వెంబడించారు. ఏడాది తిరిగేసరికి 30.8 శాతం మంది లేరు. ఆ తర్వాత దేశవ్యాప్తంగా 53 ఆసుపత్రుల్లో 10,851 మందిని నమోదు చేశారు. వాళ్ల సగటు వయసు 60 లోపే. 90 రోజుల్లోనే 14.2 శాతం మంది పోయారు. పరిశోధనలు చెప్పిన ప్రకారం మందులు అందినవాళ్లు సగం కూడా లేరు. ఆ మందుల్లో చాలావరకు ఇప్పుడు అందని ధరవి కావు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో ముగిసింది, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో. చాలా కంపెనీలు తయారు చేయడంతో ధరలు దిగాయి. ఖర్చు భారమైతే డాక్టర్ని జెనెరిక్ పేరుతో రాయమని అడగండి, జనౌషధి దుకాణంలో కనుక్కోండి. డబ్బు లేక ఒక మాత్ర మానాల్సి వస్తే ఏది మానాలో మీరే నిర్ణయించకండి. సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పండి.

డిశ్చార్జి అయిన తర్వాతి వారాలు అన్నిటికంటే విలువైనవి. మనవాళ్లు మాత్రం "నెల తర్వాత చూపించుకుందాంలే" అనుకుంటారు. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ ట్రయల్ ఈ విషయాన్నే పరీక్షించింది. 1078 మందిలో ఒక గుంపుకు మామూలు పద్ధతిలో వైద్యం చేశారు. రెండో గుంపుకు డిశ్చార్జి అయిన రెండు వారాల్లో మందులను పూర్తి మోతాదుకు తెచ్చేలా ప్రయత్నించి, 1, 2, 3, 6 వారాల్లో పిలిచి, రక్తపరీక్షలు చేసి చూశారు. ఆరు నెలల్లో చనిపోయినవాళ్లు, మళ్లీ గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవాళ్లు కలిపి మామూలు గుంపులో 23.3 శాతం, రెండో గుంపులో 15.2 శాతం. రెండు గుంపులకూ కొత్త మందేమీ లేదు. ఉన్న మందులనే శ్రద్ధగా పెంచారు, అంతే. కాబట్టి ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే రోజే వారం తర్వాతి తేదీ రాయించుకోండి. "మోతాదు ఎప్పుడు పెంచుతారు?" అని ఆనాడే అడగండి.

ఆ తేదీల్లో రక్తపరీక్ష తప్పించుకోవద్దు. దీని వెనకాల ఒక చేదు అనుభవం ఉంది. 1999లో రేల్స్ అనే ట్రయల్ స్పైరనోలాక్టోన్ చేసే మేలును చూపింది: మరణాలు 46 శాతం నుంచి 35 శాతానికి తగ్గాయి. డాక్టర్లు ఉత్సాహంగా రాయడం మొదలుపెట్టారు. కెనడాలోని ఒంటారియోలో ఆ తర్వాత లెక్కలు తీస్తే, ఇలాంటి రోగుల్లో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరడం 1994లో 1000 మందికి 2.4 ఉన్నది 2001 నాటికి 11కు చేరింది. ట్రయల్‌లో రోగులను జాగ్రత్తగా ఎంచుకుని, పదేపదే రక్తం పరీక్షించి మందిచ్చారు. బయట మందు మాత్రమే వెళ్లింది, ఆ జాగ్రత్త వెళ్లలేదు. మీరు ఈ మందు వాడుతుంటే పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు కూడా మీ వైద్యంలో భాగమే. రోజూ కొబ్బరినీళ్లు తాగే అలవాటుంటే డాక్టరుకు చెప్పండి, వాటిలో పొటాషియం ఎక్కువ. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో కొంత సోడియం స్థానంలో పొటాషియమే ఉంటుంది. ఇక మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంట్లో నీరు నిలబెడతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. బాగా కుదుటపడిన మనిషిని మళ్లీ ఎమర్జెన్సీ వార్డుకు చేర్చేది ఒక్కోసారి ఈ నొప్పి మాత్రలే.

డాపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడేవాళ్లు వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఉపవాసం ఉండదలచినా డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ రోజుల్లో మాత్ర ఆపమనవచ్చు.

ఉప్పు దగ్గర పరిశోధన కాస్త చిత్రమైన జవాబిచ్చింది. 806 మందితో చేసిన సోడియం-హెచ్ఎఫ్ ట్రయల్ ఫలితం 2022లో వచ్చింది. ఉప్పును మరీ కఠినంగా తగ్గించినందువల్ల మరణాలు, ఆసుపత్రి చేరికలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ వార్త విని ఆవకాయ జాడీ మూత తీయకండి. ఆ ట్రయల్‌లో ప్రత్యేకమైన కట్టడి లేని గుంపువాళ్లే రోజుకు సుమారు 5 గ్రాముల ఉప్పుకు సమానమైన సోడియం తింటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మూత్రపరీక్షల ద్వారా కొలిచిన ఒక అధ్యయనంలో సగటు 9 గ్రాములు దాటింది. వాళ్లు మొదలుపెట్టిన చోటికి మనం ఇంకా చేరనే లేదు. పచ్చళ్లు, వడియాలు, అప్పడాలు, ఎండుచేపలు, పెరుగన్నంలో విడిగా కలుపుకునే ఉప్పు: వీటిని తగ్గిస్తేనే ఆ 5 గ్రాముల దరిదాపుకు వస్తాం. పూర్తిగా చప్పిడి తిండి తిని నోరు చచ్చిపోయి అన్నమే మానేయడం కూడా మంచిది కాదు. ఒంట్లో నీరు చేరుతోందేమో తెలియాలంటే, రోజూ పొద్దున్నే ఒంటేలుకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని కాలెండరు మీద రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

పేపర్లో కొత్త మందు వార్త చదివినప్పుడు ఆ అంకె దేని మీద అంకె అని చూడటం నేర్చుకోండి. డాపాగ్లిఫ్లోజిన్ మీద 2019లో వచ్చిన డాపా-హెచ్ఎఫ్ ట్రయల్‌నే తీసుకోండి. "ముప్పు 26 శాతం తగ్గింది" అన్నారు. నిజమే. 4744 మందిలో, ఏడాదిన్నర కాలంలో, గుండె వైఫల్యం ముదరడమో గుండె జబ్బుతో మరణమో సంభవించినవాళ్లు ఉత్తుత్తి మాత్ర గుంపులో 21.2 శాతం, మందు గుంపులో 16.3 శాతం. అంటే 100 మంది వాడితే ఏడాదిన్నరలో దాదాపు ఐదుగురికి ఆపద తప్పింది. ఆ ఐదుగురూ ఎవరో ముందుగా ఎవరూ చెప్పలేరు, వాళ్లకు కూడా తెలియదు. అందుకే అందరూ వేసుకోవాలి. ఈ ట్రయల్‌లో సగానికి పైగా మందికి షుగరు లేదు. "నాకు షుగరే లేదు, షుగరు మాత్ర రాశారేమిటి" అని మందు పారేసేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. మూలికా పొడితోనో కషాయంతోనో ఈఎఫ్ పెరిగిందని ఫోనులో వీడియో వస్తే అడగాల్సింది కూడా ఇదే: ఎంతమంది మీద, దేనితో పోల్చి, ఎంతకాలం?

ఎప్పుడైనా మీ డాక్టరే మిమ్మల్ని ఒక ట్రయల్‌లో చేరతారా అని అడగవచ్చు. మనవాళ్లలో భయం ఉంది, దానికి కారణమూ ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్న సంగతి బయటపడింది. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ అధ్యయనంలో కొందరు బాలికలు చనిపోయారు కూడా. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు, కానీ అనుమతి అడిగిన తీరు మాత్రం క్షమించరానిది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రానివాళ్లకు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట అంతా వివరించాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం అందాలి.

కాబట్టి భయపడి పారిపోవద్దు, మొహమాటపడి సంతకమూ పెట్టొద్దు. పత్రం ఇంటికి తెచ్చుకుని పిల్లలతో చదివించుకోండి. ఉత్తుత్తి మాత్ర గుంపులో పడినా నా పాత మందులు కొనసాగుతాయా? ఎన్నిసార్లు రావాలి, దారిఖర్చులు ఎవరివి? ట్రయల్ ముగిశాక, మందు పనిచేస్తే నాకు అందుతుందా? మధ్యలో మానుకుంటే ఇక్కడి వైద్యానికి ఏమైనా ఇబ్బందా? ఆఖరిదానికి జవాబు "ఏ ఇబ్బందీ లేదు" అనే ఉండాలి, చట్టం చెప్పేదీ అదే. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ట్రయల్ నమోదు సంఖ్య అడగండి. 2009 నుంచి మన దేశంలో నమోదు కాకుండా ట్రయల్ మొదలుపెట్టకూడదు, ఆ సంఖ్యతో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. చేరాలనే నిర్ణయించుకుంటే, సంతకాలైన పత్రం కాపీ ఒకటి మీ మందుల ఫైలులోనే పెట్టుకోండి. డాక్టరుదీ, ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులను చూసే ఎథిక్స్ కమిటీదీ ఫోను నంబర్లు అందులో ఉంటాయి. ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా అవి ఎక్కించి ఉంచండి.